గొలుసుకట్టు రాత – జపాను లేఖనశైలులు: ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

తెలుగు సాహిత్య విమర్శ పాఠాన్ని పరిశీలించినంత శ్రద్ధగా చేతిరాతను పరిశీలించలేదు. తాళపత్రాల మీద, దస్తావేజుల మీద కనిపించే రాతను పాఠానికి వాహకంగానో, లేఖకదోషాలకు మూలంగానో మాత్రమే మన పరిశోధన గుర్తించింది. జపానులో చేతిరాతకు శైలీభేదాలు, శిక్షణాక్రమం, సౌందర్యచర్చ ఉన్నాయి. ఆ శైలులను తెలుసుకోవడం ద్వారా తెలుగు గొలుసుకట్టు రాతను కొత్తగా చూడవచ్చునని ప్రతిపాదించడం, ఆ పోలికకున్న పరిమితులను నిర్ణయించడం ఈ వ్యాసం ఉద్దేశం. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలు ఇందుకు క్షేత్రం.

కీలకపదాలు: గొలుసుకట్టు, చేవ్రాలు, ఒరవడి, షోదో, సోషో, కుజుషిజి, లేఖకదోషం, కరణం, మదనపల్లె.

1. ఉపోద్ఘాతం

కొన్నేళ్ల కిందట పుంగనూరు వైపు పల్లె నుంచి వచ్చే ఒక విద్యార్థి తన తాతగారి నాటి క్రయపత్రాన్ని తరగతికి తీసుకొచ్చాడు. అందులో ఏముందో చదివి చెప్పమన్నాడు. తెలుగులో పరిశోధన చేసి పట్టా పొందిన ఈ వ్యాసరచయిత ఆ కాగితంలో వరసగా మూడు పంక్తులు చదవలేకపోయాడు. భాష తెలుగే, లిపీ తెలుగే. అయినా కలం ఎత్తకుండా ఒకదానిలోంచి ఒకటిగా సాగిపోయిన ఆ గొలుసుకట్టు రాతలో అక్షరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలియలేదు.

చివరకు ఒకప్పుడు కరణీకం చేసిన కుటుంబానికి చెందిన పెద్దాయన ఒకరు దాన్ని చదివారు. చదివే ముందు ఆయన అన్న మాట ఇది: “అక్షరాన్ని చూడగాకండి సార్, చెయ్యి ఎట్ల తిరిగిందో చూడండి.” పత్రంలో బావి నీటి హక్కు గురించిన వాక్యం చివర ఒక నిలువుగీత ఉంది. విద్యార్థి ఇంట్లో దాన్ని వాక్యం ముగిసిందని తెలిపే దండంగా భావిస్తూ వచ్చారు. పెద్దాయన దాన్ని ‘పావు’ అని చదివారు. పాత తెలుగు లెక్కల రాతలో ఒక నిలువుగీత పావుభాగానికి, ఒక అడ్డగీత వీసానికి, అంటే పదహారో వంతుకు, గుర్తు. ఈ భిన్న సంకేతాలు 2008లో యూనికోడ్‌లో చేరాయి. అయినా తెలుగు స్నాతకోత్తర తరగతుల్లో వాటిని నేర్చుకుని బయటికి వచ్చేవారు అరుదు. ఒక గీతను విరామచిహ్నంగా చదివితే ఆ కుటుంబానికి బావిలో హక్కు ఉందన్నంతవరకే తెలుస్తుంది. సంఖ్యగా చదివితే ఎంత హక్కో తెలుస్తుంది.

ఈ సంఘటన ఒక ప్రశ్నను మిగిల్చింది. చేతిరాతను చదివే శాస్త్రం మన సాహిత్య అధ్యయనంలో ఎందుకు లేదు? ఉంటే దాని పరిభాష ఎలా ఉంటుంది? ఈ వెతుకులాటలో ఎదురైనదే జపాను లేఖనకళ.

2. మదనపల్లె నుంచి తోక్యోకు: 1919

మదనపల్లెకు, జపానుకు ఉన్న సంబంధం కల్పించుకున్నది కాదు. అనీబిసెంట్ 1915లో ఇక్కడ స్థాపించిన కళాశాలలో ఐరిష్ కవి జేమ్స్ హెచ్. కజిన్స్ పనిచేశారు. ఆయన ఆహ్వానం మీద రవీంద్రనాథ్ ఠాగూర్ 1919లో మదనపల్లెకు వచ్చారు. ‘జనగణమన’ గీతానికి తాను చేసిన ఇంగ్లీషు అనువాదాన్ని ఆ ఏడాది ఫిబ్రవరి 28 తేదీతో ఇక్కడే స్వహస్తంతో రాసి ఇచ్చారు. మార్గరెట్ కజిన్స్ ఆ గీతపు బాణీని స్వరలిపిలో నమోదు చేశారు. అదే సంవత్సరం కజిన్స్ తోక్యోలోని కెయో విశ్వవిద్యాలయంలో బోధించడానికి వెళ్లారు. ఆ అనుభవాల మీద ఆయన రాసిన ‘ది న్యూ జపాన్’ 1923లో అచ్చయింది. 1930లలో ఆయన మళ్లీ మదనపల్లె కళాశాలకు ప్రిన్సిపాలుగా వచ్చారు.

ఠాగూర్ అప్పటికే, 1916లో, జపానులో పర్యటించి ఉన్నారు. చైనా, జపాను పర్యటనల్లో విసనకర్రల మీద, పట్టుగుడ్డల మీద, కాగితాల మీద రెండేసి పంక్తులు రాసిమ్మని జనం ఆయనను కోరేవారు. అలా మొదలైన చిన్న కవితలే తర్వాత ‘లేఖన్’ అనే సంపుటి అయ్యాయి. ఆ పుస్తకాన్ని అచ్చు అక్షరాల్లో కూర్చలేదు. కవి చేతిరాతనే యథాతథంగా ముద్రించారు. కవిత అంటే పదాలు మాత్రమే కాదు, పదాలను రాసిన చేయి కూడా అన్న భావన ఆ పుస్తకపు రూపంలోనే ఉంది.

మదనపల్లె ప్రతిని మన పాఠ్యగ్రంథాలు, పత్రికలు ఏటా స్మరిస్తాయి. అయితే స్మరించేది గీతాన్ని, తేదీని. ఆ కాగితం మీది రాతను రాతగా పరిశీలించిన తెలుగు వ్యాసం ఈ రచయిత దృష్టికి రాలేదు. అక్షరాల వాలు, పంక్తుల మధ్య ఎడం, సంతకం కూర్చున్న చోటు వంటివి మనకు విమర్శాంశాలు కాలేదు. పూజించదగిన వస్తువుగా చూసిన దాన్ని చదవదగిన వస్తువుగా చూడకపోవడం ఇక్కడి లోపం.

3. జపాను లేఖనశైలులు: నేర్చుకునే క్రమం

జపానులో లేఖనకళను ‘షోదో’ అంటారు. రాత అనే మార్గం అని ఆ మాటకు అర్థం. కుంచె, సిరాకడ్డీ, దాన్ని నీటితో అరగదీసే రాయి, కాగితం ఇందుకు కావలసిన నాలుగు పరికరాలు. చైనా నుంచి వచ్చిన లిపితో పాటు ఐదు ప్రధాన శైలులు జపానుకు చేరాయి. ముద్రల మీద కనిపించే ప్రాచీన శైలి తెన్షో. కార్యాలయ గుమాస్తాల అవసరం కోసం రూపొందిన శైలి రేషో. గీతలన్నీ విడివిడిగా స్పష్టంగా నిలిచేది కైషో. గీతలు ఒకదానితో ఒకటి కలవడం మొదలయ్యేది గ్యోషో. అక్షరం సంక్షిప్తమై ఒకటి రెండు ఊపులుగా మిగిలేది సోషో.

కొత్తగా నేర్చుకునేవారు సాధారణంగా కైషోతో మొదలుపెడతారు. ఇందులో గీతల వరస, ప్రతి గీత ముగిసే తీరు ముఖ్యం. కుంచెను నిలిపి ఆపడం ‘తొమె’, ఆపి విదిలించడం ‘హనె’, ఒత్తిడి తగ్గిస్తూ జార్చి వదలడం ‘హరాయి’. గీత ఎలా ముగిసిందో చూస్తే చేయి తర్వాత ఎటు వెళ్లబోతుందో తెలుస్తుంది. గ్యోషోలో ఈ విదిలింపే పక్క గీతకు వంతెన అవుతుంది. సోషోలో వంతెనే మిగిలి అసలు గీతలు మాయమవుతాయి. అందువల్ల సోషో అడ్డదిడ్డపు రాత కాదు, నియమం తెలిసిన సంక్షేపం. కైషో రానివాడు సోషో రాయలేడని కాదు గానీ, అక్షరం ఎలా సంక్షిప్తమవుతుందో తెలియనివాడు సోషో చదవలేడు.

శిక్షణలో మరో ముఖ్యాంశం ‘రిన్షో’, అంటే పూర్వుల రాతను ముందు పెట్టుకొని అలాగే రాయడం. చైనాలో 4వ శతాబ్దానికి చెందిన వాంగ్ షీజీ రాతను నేటికీ జపాను విద్యార్థులు చూసి రాస్తారు. మనకు ఈ పద్ధతి కొత్తది కాదు. గురువు పైన రాసిచ్చిన మాదిరి పంక్తిని తెలుగులో ‘ఒరవడి’ అన్నారు. పిల్లలు దాన్ని దిద్దేవారు. ఈరోజు ‘కొత్త ఒరవడి’ అని కవిత్వ ధోరణుల గురించి రాస్తున్న విమర్శకులు ఆ మాట చేతిరాత నుంచి వచ్చిందన్న సంగతి మరిచారు. మాట మిగిలింది, దాని వెనకనున్న పని పోయింది.

జపాను సొంత అక్షరమాల హిరగానా కూడా సోషో నుంచే పుట్టింది. చైనా అక్షరాల త్వరితరూపాలు క్రమంగా ధ్వని సంకేతాలుగా స్థిరపడ్డాయి. వేగంగా రాసే చేయి ఒక కొత్త లిపిని కన్నదన్నమాట. హిరగానాను ఒకప్పుడు ‘స్త్రీల చేయి’ అనే అర్థంలో పిలిచారు. రాతశైలికి, సామాజిక స్థానానికి ఉన్న సంబంధం ఆ పేరులోనే ఉంది.

ఈ చరిత్రలో భారతీయ భాగం కూడా ఉంది. జపాను అక్షరాల వరస అ, ఇ, ఉ, ఎ, ఒ అని మొదలై క, స, త, న, హ, మ, య, ర, వ అని సాగుతుంది. సంస్కృత వర్ణక్రమ జ్ఞానం సిద్ధం లిపి అధ్యయనం ద్వారా జపానుకు చేరిన ఫలితమది. బ్రాహ్మీ సంతతికి చెందిన ఈ సిద్ధం లిపిని 806లో చైనా నుంచి తిరిగివచ్చిన బౌద్ధాచార్యుడు కూకై జపానులో ప్రచారం చేశారు. ఆయన జపాను లేఖనకళలో అగ్రగణ్యులైన ముగ్గురిలో ఒకరు. అంతకు ముందే, 752లో, నారా నగరంలోని మహాబుద్ధ విగ్రహానికి నేత్రోన్మీలనం చేసినవారు భారతదేశం నుంచి వెళ్లిన బోధిసేనుడు. ఆ వేడుకలో ఆయన పట్టుకున్న కుంచె నేటికీ నారాలోని షోసోయిన్ భాండాగారంలో ఉంది. బ్రాహ్మీ నుంచే పుట్టిన సిద్ధం లిపి జపానులో కుంచెకు అలవాటుపడింది; బ్రాహ్మీ నుంచే పుట్టిన తెలుగు లిపి గంటానికి అలవాటుపడింది. ఒకే మూలం రెండు పనిముట్ల కింద ఎలా మారిందో పోల్చి చూడటానికి ఇది ఆధారం.

4. తెలుగు రాతకు శైలీవర్గీకరణ

తెలుగు లిపి పరిణామాన్ని మనం రాజవంశాల పేర్లతో చదువుకున్నాం. రేనాటి చోళుల లిపి, వేంగీ చాళుక్య లిపి, కాకతీయుల లిపి అనే విభజన కాలనిర్ణయానికి ఉపయోగపడుతుంది. అయితే అది చేయి కదిలిన తీరును చెప్పదు. జపాను వర్గీకరణ రాజుల పేరున కాక రాసే తీరు మీద ఆధారపడింది. ఆ దృష్టితో తెలుగు రాతను మూడు శైలులుగా చూడవచ్చు.

మొదటిది రాతి శైలి. మదనపల్లె సమీపంలోని చిప్పిలి, పుంగనూరు పరిసరాలు శాసనాలకు, వైదుంబుల కాలపు వీరగల్లులకు ప్రసిద్ధి పొందిన నేల. ఉలికి ప్రతి గీతా విడి పని. తొందరపాటుకు అవకాశం తక్కువ. కొన్ని వీరగల్లుల్లో వీరుడి బొమ్మ పోగా మిగిలిన ఖాళీలో అక్షరాలు సర్దుకుంటాయి. పంక్తులు వంగుతాయి, అక్షరం చిన్నదవుతుంది. ఈ సర్దుబాటును మనం చెక్కేవాడి అసమర్థతగా చూశాం. జపానులో కవితా పంక్తులను పుట మీద ఎత్తుపల్లాలుగా చెదరగొట్టి రాసే పద్ధతికి ‘చిరషిగాకి’ అని పేరుపెట్టి సౌందర్యంగా చర్చించారు. రెండూ ఒకటే అనడం పొరపాటు. కాని స్థలానికి, అక్షరానికి ఉన్న సంబంధం పరిశీలించదగినదన్న పాఠం అక్కడ దొరుకుతుంది.

రెండవది తాటాకు శైలి. ఎడమచేతిలో ఆకు, కుడిచేతిలో గంటం. గీత లోతుగా దిగితే ఆకు చీలుతుంది కాబట్టి వంపులు పెరిగాయని సాధారణంగా చెప్పే వివరణ. గంటం గీసిన గీతకు సన్నం, లావు అనే తేడా దాదాపు ఉండదు. మసి పూస్తేగాని అది కంటికి ఆనదు. కాబట్టి కుంచె రాతలో ముఖ్యమైన సిరా చిక్కదనం, ఎండుగీత, సిరా పాకడం వంటి గుణాలను తాటాకులో వెతకడం వృథా. తాటాకు రాత అందం వంపులో, వత్తులు కిందికి దిగి మళ్లీ పంక్తిలోకి చేరే తీరులో, పంక్తి సాంద్రతలో ఉంది.

మూడవది కాగితపు శైలి. కలం కాగితం మీద ఏ దిక్కుకైనా జారగలదు. ఇక్కడే గొలుసుకట్టు విస్తరించింది. ఇందులో తలకట్టు విడి గీతగా ఉండదు. ముందు అక్షరం తోకగా వచ్చి తర్వాతి అక్షరం మీద కూర్చుంటుంది. కొమ్ము, వత్తు, దీర్ఘం ఒకే ఊపులో కలిసిపోతాయి. పదాల మధ్య ఎడం ఉండదు. గ్యోషోకు, సోషోకు మధ్య ఉన్న స్థితి ఇది. మరాఠీ పాలనావ్యవహారాల్లో వాడిన మోడీని విడి లిపిగా గుర్తించి దానికి శిక్షణ తరగతులు నడుపుతున్నారు. గొలుసుకట్టు విడి లిపి కాదు, తెలుగు లిపికే ఒక శైలి. బహుశా అందువల్లనే అది ఎవరి శాఖకూ చెందకుండా పోయింది. శాసన పరిష్కర్తలు దాన్ని ఆధునికమన్నారు, సాహిత్య పరిశోధకులు లెక్కల రాత అన్నారు.

5. లేఖకదోషం అనే మాట

మన పాఠపరిష్కరణ సంప్రదాయం గొప్పది. సి.పి. బ్రౌన్ కడపలో పండితులను పెట్టి ప్రతులను సేకరించి, పోల్చి, శుద్ధప్రతులు రాయించారు. కల్నల్ మెకంజీ కోసం కావలి సోదరులు సేకరించిన స్థానిక చరిత్రలు కైఫీయతులుగా మనకు దక్కాయి. వేటూరి ప్రభాకరశాస్త్రి వంటివారు పాఠనిర్ణయాన్ని శాస్త్రంగా నిలిపారు. ఈ కృషిని తక్కువ చేయడం ఇక్కడ ఉద్దేశం కాదు.

అయితే ఆ సంప్రదాయంలో వ్రాయసకాడు మనకు ఏ రూపంలో కనిపిస్తాడో గమనించాలి. పీఠికల్లో అతడి ప్రస్తావన ప్రధానంగా ‘లేఖకదోషం’ అన్న మాటలోనే. తప్పు రాసినప్పుడే అతడు ఉన్నాడు. సరిగా రాసినచోట లేడు. కవి పాఠాన్ని తిరిగి పొందడమే లక్ష్యమైనప్పుడు మధ్యలోని చేతులన్నీ అడ్డంకులుగానే తోస్తాయి.

జపానులో దీనికి భిన్నమైన ఒక ఉదాహరణ ఉంది. కి నో త్సురయుకి 10వ శతాబ్దంలో రాసిన ‘తోసా దినచర్య’ మూలప్రతిని కవి, పరిష్కర్త ఫుజివారా నో తైకా 1235లో నకలు చేశారు. పాఠాన్ని తన కాలపు పద్ధతిలో తన చేతితో రాసుకుంటూ వచ్చి, చివరి భాగాన్ని మాత్రం త్సురయుకి చేతిరాత ఎలా ఉందో భావితరాలకు తెలియాలని అచ్చంగా అలాగే దించారు. మరుసటి ఏడాది ఆయన కుమారుడు తమేఇయె అదే మూలాన్ని మరింత నమ్మకంగా, మక్కికి మక్కి, నకలు చేశారు. నేడు మూలప్రతి లేదు. తైకా దించిన కొద్దిపాటి భాగం వల్ల త్సురయుకి చేయి ఎలా కదిలేదో ఊహించగలుగుతున్నారు. తమేఇయె ప్రతి వల్ల పాఠం తెలుస్తోంది. పాఠం, చేయి అనే రెండూ భద్రపరచవలసిన విషయాలేనని, అవి ఒకటి కావని ఆ తండ్రీకొడుకుల పని చెబుతోంది.

మన గ్రంథాల్లో ఈ రెండో విషయం జారిపోయింది. ఒక ప్రబంధానికి నాలుగు ప్రతులు దొరికితే పాఠాంతరాలు పట్టికలోకి ఎక్కుతాయి. ఏ ప్రతి ఎవరి చేయి, ఎక్కడ రాయడం ఆగింది, ఎక్కడ మరో చేయి మొదలైంది అన్నవి ఎక్కవు. పాఠాంతరం పుట్టిన కారణం తరచుగా ఆ కదలికలోనే ఉంటుంది. గొలుసుకట్టులో ఒకే ఊపుగా కనిపించే రెండు అక్షరాలను ఒకదానికొకటిగా చదివిన చోట కొత్త పాఠం పుడుతుంది. ఆ ఊపు తెలియకుండా పాఠాంతరాన్ని అర్థబలంతో మాత్రమే తీర్చడం సగం పరిష్కారమే.

6. పోలికకు హద్దులు

జపాను లేఖనకళను ముందు పెట్టుకొని గొలుసుకట్టును ఆకాశానికి ఎత్తడం తేలిక. అది విమర్శ అనిపించుకోదు. షోదోకు రాజాస్థానం, బౌద్ధారామం, కవిగోష్ఠి ఆశ్రయమిచ్చాయి. గొలుసుకట్టుకు ఆశ్రయం ప్రధానంగా కరణం పెట్టె. అడంగల్, చిట్టా, క్రయపత్రం, భాగపరిష్కారం దాని రచనలు. అందంగా ఉండాలని కాదు, త్వరగా ముగియాలని ఆ రాత రూపొందింది.

అంతకన్నా ముఖ్యం, ఆ రాత అందరిదీ కాదు. భూమి రైతుది, భూమి లెక్క కరణానిది. తన పొలం చెక్కుబందీని తానే చదవలేని రైతు కరణం నోటిమాటను నమ్మవలసి వచ్చేది. కాగితం చివర ఒకవైపు కరణం చేవ్రాలు, మరోవైపు రైతు వేలిముద్ర. చదవరాని రాత కొందరికి నేర్పు, కొందరికి అధికారం. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కరణం, మునసబు వ్యవస్థను రద్దు చేసినప్పుడు పల్లెల్లో చాలామంది ఊపిరి పీల్చుకున్నారంటే అందుకు ఈ రాత కూడా ఒక కారణం. దళిత, బహుజన దృక్కోణంలో చూస్తే గొలుసుకట్టు ఒక మూతపడిన తలుపు. దాని అందాన్ని మాత్రమే చెప్పే వ్యాసం ఆ తలుపు బయట నిలబడినవారిని మరిచిపోతుంది.

కాని వ్యవస్థ రద్దుతో రాత రద్దు కాలేదు. కాగితాలు అలాగే ఉన్నాయి, వాటి మీది హక్కులు, వివాదాలు అలాగే ఉన్నాయి. చదివేవారు మాత్రం తగ్గిపోయారు. పూర్వం ఒక వర్గానికి తెలిసి మరో వర్గానికి తెలియని రాత ఇప్పుడు ఎవరికీ తెలియని రాత అవుతోంది. దీనివల్ల బలహీనుడికి మేలు జరగలేదు. తన తాత పొందిన పావువంతు నీటిహక్కు రుజువు చేసుకోవలసినవాడికే నష్టం జరిగింది. కాబట్టి గొలుసుకట్టు చదవడం నేర్పాలన్న వాదన పాత వైభవం మీద మమకారంతో చేస్తున్నది కాదు. ఒకప్పుడు మూసి ఉంచిన దాన్ని అందరికీ తెరవడానికి చేస్తున్నది.

7. చేయి ఖతిగా మారినప్పుడు

చేతిరాత మీద మనకు ప్రేమ లేదనలేం. ఆధునిక తెలుగులో ఒక చేతిరాతను జనం పేరుపెట్టి గుర్తుపట్టారు. అది బాపు రాత. పుస్తకాల అట్టలు, పత్రికల శీర్షికలు, సినిమా పేర్లు, పెళ్లిపిలుపులు ఆ అక్షరాలతో నిండాయి. ఆయన రాత ఆధారంగా కంప్యూటరు ఖతులు వచ్చాయి. జపానులోనూ ఇలాంటిది జరిగింది. పైన చెప్పిన తైకా రాత విలక్షణమైనది. తన చేతిరాత బాగుండదని ఆయనే చెప్పుకున్నారని ప్రతీతి. ఆ రాతే తర్వాతివారికి ఒరవడి అయింది. దాని ప్రేరణతో అడోబీ సంస్థ ‘కజురాకి’ అనే ఖతిని రూపొందించింది.

ఈ రెండు ఖతులను పక్కపక్కన పెడితే ఒక విమర్శాంశం తేలుతుంది. చేతిరాతలో ఒకే అక్షరం రెండుసార్లు ఒకేలా ఉండదు. ముందున్న అక్షరాన్ని బట్టి, చేతి వేగాన్ని బట్టి మారుతుంది. కజురాకి రూపకర్తలు అక్షరాలకు సమాన వెడల్పు అనే జపాను ముద్రణ నియమాన్ని వదిలి, నిలువు పంక్తిలో కొన్ని అక్షరాలు కలిసిపోయే రూపాలను చేర్చారు. అంటే చేతి కదలికలో కొంతైనా పట్టుకోవాలని చూశారు. బాపు ఖతుల్లో మనకు దక్కింది ప్రధానంగా అక్షరాకృతి. ఆయన స్వయంగా రాసిన అట్ట మీద ఒక ‘ర’కు, మరో ‘ర’కు తేడా ఉంటుంది, ఖతిలో ప్రతి ‘ర’ ఒకటే. ఇది ఖతుల నిర్మాతల తప్పు కాదు. రాతను ఆకృతిగా మాత్రమే చూసి, కదలికగా చూడని మన అలవాటు ఫలితం. పాఠపరిష్కరణలోనూ ఖతి నిర్మాణంలోనూ ఉన్న లోపం ఒక్కటే.

8. చదివే శక్తిని తిరిగి పొందడం: జపాను అనుభవం, కుప్పం అవకాశం

జపానును ఆదర్శంగా చూసేముందు అక్కడి నష్టాన్ని కూడా చెప్పాలి. ఒక్కో ధ్వనికి అనేక రూపాలున్న పాత కానా అక్షరాలను 1900లో పాఠశాలల కోసం ఒక్కో రూపానికి కుదించారు. చదువు విస్తరించింది, దాంతోపాటు పాత రాత చదివే శక్తి సన్నగిల్లింది. పాత గొలుసు రాతను అక్కడ ‘కుజుషిజి’ అంటారు. నేడు దాన్ని ధారాళంగా చదవగలవారు ఆ దేశ జనాభాలో అత్యల్పం. పాఠశాలల్లో కుంచెరాత నేర్పుతున్న, 2021లో షోదోను నమోదైన అమూర్త సాంస్కృతిక సంపదగా ప్రకటించుకున్న దేశంలోనే ఈ స్థితి. కళగా బతికినంత మాత్రాన రాత చదువుగా బతకదన్నది ఇందులోని హెచ్చరిక.

వారు చేసిన ప్రయత్నాలు మనకు పనికొస్తాయి. 2017లో ‘మిన్న దె హొన్కొకు’ అనే వేదిక మొదలైంది. పూర్వపు భూకంపాల గురించిన పత్రాలను సామాన్య పౌరులు కలిసికట్టుగా చదివి, నేటి అక్షరాల్లోకి మార్చే పని అది. తోక్యోలోని మానవీయశాస్త్రాల బహిరంగ దత్తాంశ కేంద్రం 2019 నాటికి 44 పాత పుస్తకాల నుంచి 10 లక్షలకు పైగా అక్షరచిత్రాలను గుర్తించి అందరికీ అందుబాటులో ఉంచింది. వాటి ఆధారంగా పాత రాతను చదివే ‘మివో’ అనే సెల్‌ఫోన్ అనువర్తనం 2021లో వచ్చింది. యంత్రం చదివింది గాని, యంత్రానికి ముందుగా చదివి చూపినవారు మనుషులు. ఒక్కో అక్షరాన్ని ఇది ఫలానా అని చెప్పగలిగిన పండితులు ఉన్నందువల్లనే అది సాధ్యమైంది.

తెలుగులో ఆ మనుషులు ఇంకా కొద్దిమంది ఉన్నారు. వారి వయస్సు తెలిసిందే. 1984 నాటికి కరణీకంలో ఉన్న యువకులు కూడా ఇప్పుడు వృద్ధులు. కాబట్టి మొదట చేయవలసింది యంత్రం కొనడం కాదు, వారి పక్కన కూర్చోవడం. కుప్పంలో 1997లో ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయం ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు రాష్ట్రాల కూడలిలో ఉంది. ఈ ప్రాంతపు పాత కాగితాల్లో ‘ఫలానా బిన్ ఫలానా’ వంటి మాటలు తెలుగు, కన్నడ నేలలు రెండింటిలో వినిపిస్తాయి. దగ్గరి లిపులైన తెలుగు, కన్నడల గొలుసు రాతలను కలిపి పరిశీలించడానికి అంతకన్నా అనువైన చోటు లేదు. ఈ వ్యాసరచయిత సూచించే పని మూడు దశల్లో ఉంటుంది.

మొదటి దశలో ఇళ్లలోని పాత కాగితాలను, యజమానుల అనుమతితో, పేర్లు కనబడకుండా ఛాయాచిత్రాలు తీసుకోవాలి. రెండవ దశలో చదవగల పెద్దలచేత ప్రతి పంక్తినీ చదివించి, చదువుతున్నప్పుడు వేలు కదిలిన తీరుతో సహా దృశ్యరూపంలో నమోదు చేయాలి. మూడవ దశలో తెలుగు స్నాతకోత్తర పాఠ్యప్రణాళికలో ఒక చిన్న పాఠ్యాంశంగా గొలుసుకట్టు, భిన్న సంకేతాలు, పత్రాల మూసవాక్యాలు బోధించాలి. మూసవాక్యాలు ఎందుకంటే, గొలుసు రాతను ఎవరూ అక్షరం అక్షరంగా చదవరు. తేదీ ఎక్కడ వస్తుందో, సరిహద్దులు ఏ వరసలో చెబుతారో తెలిసినవారికి సగం రాత ముందే తెలుస్తుంది. కుజుషిజి నేర్పేవారూ ఈ విషయాన్నే నొక్కి చెబుతారు.

9. ఉపసంహారం

ఈ పరిశీలనలో తేలిన అంశాలివి.

1. జపాను లేఖనశైలులు రాతను ఆకృతిగా కాక కదలికగా వివరిస్తాయి. ఈ దృష్టి తెలుగు లిపి అధ్యయనానికి అవసరం.

2. తెలుగు రాతను రాజవంశాల వారీగానే కాక రాయి, తాటాకు, కాగితం అనే ఆధారాల మీద చేయి కదిలిన తీరును బట్టి కూడా వర్గీకరించాలి. కుంచె రాత సౌందర్య ప్రమాణాలు గంటపు రాతకు నేరుగా వర్తించవు.

3. పాఠపరిష్కరణలో లేఖకుడిని దోషకారకుడిగానే చూడటం వల్ల పాఠాంతరాల పుట్టుకకు ఉన్న ఒక ముఖ్యకారణం మరుగున పడింది.

4. గొలుసుకట్టు ఒక నేర్పు, ఒక అధికారసాధనం కూడా. ఈ రెండో పార్శ్వాన్ని విస్మరించిన సౌందర్యచర్చ అసంపూర్ణం.

5. లేఖనకళకు గౌరవమివ్వడం, పాత రాతను చదివే శక్తిని నిలుపుకోవడం రెండు వేర్వేరు పనులు. జపాను అనుభవం ఈ తేడాను స్పష్టం చేస్తోంది. మనకు ముందుగా కావలసింది రెండోది.

ఉపోద్ఘాతంలో చెప్పిన విద్యార్థి ఆ పెద్దాయన దగ్గరికి తర్వాత మరికొన్నిసార్లు వెళ్లాడు. తమ ఇంటి కాగితాలు ముగిశాక ఇరుగుపొరుగు కాగితాలు పట్టుకెళ్లాడు. ఇప్పుడు అతడు గొలుసుకట్టును తడుముకుంటూనైనా చదవగలడు. ఈ వ్యాసరచయిత అతడి దగ్గరే నేర్చుకుంటున్నాడు. తెలుగు శాఖల్లో పనిచేస్తున్నవారు తమ ఊళ్లో ఇలా చదవగల పెద్దలు ఇంకా ఎవరున్నారో ఈ సెలవుల్లోనే విచారించడం మంచిది.